ఉగాది యాపిల్

వేదాద్రి మాస్టారిని ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. మనసు కుదురుగా ఉండటం లేదండీ అని వచ్చినవాడి చేత పెరటిగోడలో జారిపోయిన రాళ్ళు మళ్ళీ పేర్పించారు. తోడికోడలితో మాటలు లేవని బాధపడ్డ ఆవిడకి చేటలో కందిపప్పు పోసి ఇచ్చి రాళ్ళు ఏరమన్నారు. పని పూర్తయ్యేసరికి కొందరికి జవాబు దొరికేది, కొందరికి దొరికేది కాదు. "దొరకనివాళ్ళ వల్ల నాకు పప్పయినా బాగుపడింది కదా" అని ఆయనే నవ్వేవారు. ఆయన దగ్గరకు వెళ్ళేవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. తెలిసే వెళ్ళేవారు.

ఆయనది కృష్ణ ఒడ్డున ఒక ఊరు. నలభై ఏళ్ళ కిందట లెక్కలు చెప్పడానికని కులూ లోయలో బాగీధార్ అనే కొండ ఊరికి వచ్చారు. ఉద్యోగం అయిపోయింది గాని ఆయన కొండ దిగలేదు. తర్వాత కింద ఏటి మీద డ్యాము పని మొదలైంది. దానితో పాటు కాలనీ, కాలనీలోకి పదీ పన్నెండు తెలుగు కుటుంబాలూ వచ్చాయి. ఆదివారం పొద్దున్న వాళ్ళంతా కొండెక్కి మాస్టారి వసారాలో కూర్చునేవారు. ఆయన నాలుగు శ్లోకాలు చెప్పి, అర్థం చెప్పి, ఉప్మా పెట్టి పంపేవారు.

ఆయన పెరట్లో ఒక ముసలి యాపిల్ చెట్టు ఉండేది. ఇల్లు కొన్ననాటికే అది ముసలిది. దాని కాయ చూడ్డానికి ఏమీ బాగుండదు: గుప్పెట్లో ఇమిడేంత ఉంటుంది, తుప్పు పట్టినట్టు గరుకు తొక్క. మార్కెట్టుకు పట్టుకెళితే వ్యాపారులు బుట్ట మూత కూడా తీయరు. కాని కార్తీకంలో కోసి ఎండుగడ్డిలో పెడితే ఉగాది దాకా కుళ్ళదు, పులుపు చావదు. మామిడిపిందె అన్నది కంటికి కనబడని ఆ కొండల్లో, తెలుగువాళ్ళు ఉగాది పచ్చడిలోకి ఆ కాయే తరిగి వేసుకునేవారు. వేపపువ్వు ఎండబెట్టింది పార్శిల్లో వచ్చేది, బెల్లం బజార్లో దొరికేది, పులుపు మాత్రం మాస్టారి పెరట్లోంచి రావలసిందే. అందుకని కాలనీలో దానికి ఉగాది యాపిల్ అని పేరు. ఊళ్ళోవాళ్ళు తమ పెరళ్ళలో ఉన్న ఆ రకాన్ని ఎప్పుడో కొట్టేసి ఎర్రటి కొత్త రకాలు వేసుకున్నారు. మిగిలింది ఆ ఒక్క చెట్టే.

ఆ ఆదివారపు బృందంలో కాత్యాయని ఉంది. భర్త శశిధర్ డ్యాములో ఇంజనీరు. ఆవిడ ఏ పనైనా రెండుసార్లు చూడందే నమ్మే మనిషి కాదు. గ్యాసు కట్టేసి, తలుపు తాళం వేసి, నాలుగు మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి వెళ్ళి గ్యాసు చూసుకుంటుంది. ఆవిడకి ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది మేధకి పదకొండో ఏడు, చిన్నది శ్రియకి మూడు. పిల్లలు పాలు ఎంత వేడిగా తాగాలి, గోళ్ళు ఏ వారం తీయాలి, అన్నిటికీ ఆ ఇంట్లో ఒక లెక్క ఉంది. అన్నిటికన్నా పెద్ద లెక్క, ఇంట్లో తెలుగు తప్ప మాట్లాడకూడదని. పిల్లల నోట హిందీ మాట దొర్లితే వంటింట్లో అల్మరా పక్కన వేలాడే చిన్న పుస్తకంలో ఆవిడ ఆ మాటా, దాని తెలుగు మాటా రాసి, భోజనాల దగ్గర చదివించేది. మేధ చదివేది. చదివి, కంచం తీసి, పక్కింటి కుసుమ్‌తో ఆడుకోవడానికి పోయి అక్కడ కులూ యాసలో గలగల మాట్లాడేది.

మాఘమాసంలో ఒకనాడు మేధకి జ్వరం వచ్చింది. మధ్యాహ్నం తడిగుడ్డ నుదుటి మీద వేస్తుంటే ఆ పిల్ల కళ్ళు మూసుకునే ఏదో కలవరించింది. హిందీలో కలవరించింది. కాత్యాయని చేతిలో గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. మెలకువలో మాట్లాడే మాటకి కాపలా కాయవచ్చు. నిద్రలో మాటకి ఎవరు కాపలా కాస్తారు?

జ్వరం తగ్గిన వారానికి ఆవిడ తన పుట్టింటి వైపు ఉన్న ఒక హాస్టల్ బడి నుంచి ఆరో తరగతి దరఖాస్తు తెప్పించింది. అక్కడ అంతా తెలుగే. అమ్మమ్మ ఊరికి అరగంట దూరం. ఏప్రిల్ ముప్ఫయ్యో తారీకు లోపల పోస్టు చెయ్యాలి. శశిధర్ దరఖాస్తు అటూ ఇటూ తిప్పి, "నీకు ఎలా మంచిదనిపిస్తే అలా" అన్నాడు. అలా అనడం ఆవిడకి నచ్చలేదు. ఏది మంచిదో తెలిస్తే అడగడం ఎందుకు? పంపిస్తే పిల్ల చేయి జారిపోతుందేమోనని భయం, ఉంచుకుంటే పిల్ల మాట జారిపోతుందేమోనని భయం. దరఖాస్తు నింపి, ఫోటో అంటించి, సంతకం చోటు మాత్రం ఖాళీగా వదిలి, ఒక ఆదివారం ఉప్మా అయ్యాక అందరూ వెళ్ళేదాకా ఆగి మాస్టారిని అడిగింది.

"మాస్టారూ, ఇంత దూరాన పెంచుతున్నాం. పిల్లలు మనవాళ్ళుగా మిగలాలంటే నేనేం చెయ్యాలండీ? మేధని పంపించనా, ఉంచుకోనా?"

మాస్టారు గ్లాసు కింద పెట్టి, "మీ క్వార్టర్సు పెరట్లో అడవి యాపిల్ మొక్క ఒకటి ఉండాలే, నీళ్ళ పంపు పక్కన?" అన్నారు.

ఉందండీ అంది కాత్యాయని. ఈసారి తన వంతు అని అర్థమైంది.

ఆయన ఆవిడని పెరట్లోకి తీసుకెళ్ళారు. అక్కడికి వెళ్ళాకే ఆవిడ చూసింది: ఉగాది యాపిల్ చెట్టు లేదు. ముందటి వారం పడ్డ తడిమంచు బరువుకి మొదలు నిలువునా చీలిపోయిందట, రెండు సగాలూ చెరో వైపు పడి ఉన్నాయి. "ముసలిది కదా, కొత్త రెమ్మలు వెయ్యడం మానేసి చాలా కాలమైంది. అంటుకి పనికొచ్చే పుల్లలు వెతికి వెతికి మూడు కోశాను" అంటూ ఆయన ఇంటి ఉత్తరపు గోడ నీడలో గడ్డపారతో మంచు తవ్వారు. ఆ కొండల్లో అంటుపుల్లల్ని అలా మంచు కింద పాతిపెట్టి నిద్రపుచ్చుతారు, ఎండలు వచ్చి, అంటు కట్టబోయే వేరు మొక్క మేలుకునేదాకా. గోనెగుడ్డలో చుట్టిన మూడు పుల్లలు బయటికి వచ్చాయి. పెన్సిలంత లావు, జానెడు పొడవు. అంత పెద్ద చెట్టులో మిగిలింది అంతే.

ఒకటి ఆవిడ చేతిలో పెట్టి, మిగతా రెండూ మళ్ళీ మంచులో పెట్టేశారు. చిన్న చాకుతో రెండు ఎండుపుల్లల మీద ఎలా ఏటవాలుగా కొయ్యాలో చూపించారు. "తొక్క కింద పచ్చటి గీత ఉంటుంది చూడు. దాని గీతా దీని గీతా ఒక పక్కనయినా కలవాలి. ప్రాణం అంతా అక్కడే. కలిపి, పాత పంచె పీలికతో బిగించి, పైన మైనం రాయి. మూడు ఆకులు విచ్చుకునేదాకా కట్టు విప్పకు."

మామిడి అంటు గురించి కాత్యాయనికి చిన్నప్పటి నుంచి తెలుసు, చూసింది. చెయ్యడం ఇదే మొదలు. "తర్వాత ఇంకేం చెయ్యాలండీ?"

"అదే కష్టం. ఇంకేమీ చెయ్యకూడదు."

ఆవిడ ఇంటికి వెళ్ళి చెప్పింది చెప్పినట్టు చేసింది. చాకు మరిగే నీళ్ళలో వేసి తీసింది. అడవి మొక్కని మోకాలెత్తున కోసి, పుల్ల గీతకి గీత కలిపి, శశిధర్ పాత పంచె చింపి కట్టింది. చెప్పనిది కూడా ఒకటి చేసింది. మొక్క కింద భాగంలో రెండు మూడు అడవి చిగుళ్ళు పొడుచుకొస్తున్నాయి. పైన ఉగాది యాపిల్ రావాలంటే కింద ఈ జంగిలీది ఉండకూడదని వాటిని గోటితో గిల్లి పారేసింది. మర్నాడు మళ్ళీ వచ్చాయి, మళ్ళీ గిల్లింది. మొక్క చుట్టూ తీగ కంచె వేసింది. ఎండ ఎక్కువైతే పైన గొడుగు కట్టింది. పొద్దున్న కాఫీ కలపక ముందు ఒకసారి, సాయంత్రం పిల్లలు వచ్చాక ఒకసారి వంగి చూసేది. "ఆసుపత్రిలో సీరియస్ కేసు ఉన్నట్టుంది మన పెరట్లో. విజిటింగ్ అవర్సు ఎప్పుడో బోర్డు పెట్టు" అనేవాడు శశిధర్.

పదిహేనో రోజున పెద్ద వాన కురిసింది. తెరిపిచ్చాక కాత్యాయని మొక్క దగ్గరకు వెళితే పీలిక చివర తడిగా కనిపించింది. లోపలికి నీళ్ళు దిగి ఉంటే? కుళ్ళిపోతే? మాస్టారు విప్పొద్దన్నారు, నిజమే. కాని వాన సంగతి ఆయన చెప్పలేదు. విప్పొద్దన్న మాటని పట్టుకుని కూర్చుని, లోపల కుళ్ళిపోతుంటే చూడకుండా ఉండటం మాత్రం బాధ్యతా? ఇలా చాలాసేపు తనలో తాను వాదించుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని, కట్టు విప్పింది.

లోపల ఏమీ కుళ్ళలేదు. పుల్ల నుంచీ మొక్క నుంచీ పాలమీద మీగడ కట్టినట్టు తెల్లటి పలచని పొర పుట్టి, మధ్యలో ఒకదాన్నొకటి అందుకుంటోంది. ఆవిడ ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషంలోనే ఆఖరి చుట్టు లాగింది. పీలికకి అంటుకున్న మైనంతో పాటు పుల్ల వెంట్రుకవాసి కదిలింది. అంతే కదిలింది. ఆవిడ గబగబా సరిచేసి, ఈసారి ఇంకా గట్టిగా బిగించి కట్టింది. నాలుగు రోజులకి పుల్ల మీది మొగ్గలు నల్లబడ్డాయి. వారానికి అది గిల్లితే పుటుక్కున విరిగే ఎండుపుల్ల అయింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. గొడుగు మాత్రం అలాగే ఉంచింది.

ఇంతలో ఉగాది వచ్చింది. మాస్టారు గడ్డిలో మిగిలిన ఆఖరి కాయలు ఇంటికి రెండు చొప్పున పంచారు. కాత్యాయని తరుగుతుంటే మేధ పీట పక్కన చేరి ముక్క నోట్లో వేసుకుని కన్ను మూసి తెరిచింది.

"అమ్మా, ఆ హాస్టల్లో కూడా ఉగాది పచ్చడి పెడతారా?"

హాస్టల్ మాట పిల్లకి ఎవరు చెప్పారో కాత్యాయని అడగలేదు. దరఖాస్తు మీద ఫోటో అంటించింది కదా, ఆ ఫోటో దిగింది ఆ పిల్లే. "ఎందుకు పెట్టరు? ఇంకా బాగా పెడతారు. అక్కడ మామిడికాయ దొరుకుతుంది."

"మామిడికాయ వేస్తారా?" మేధ ఆలోచనలో పడింది. "యాపిల్ వెయ్యకపోతే అది ఉగాది పచ్చడి ఎలా అవుతుంది?"

కాత్యాయని నవ్వబోయి ఆగింది. ఈ మాటలో పుస్తకంలో రాయడానికి ఏమీ లేదు. పిల్ల ఆడింది చక్కటి తెలుగు. తప్పు ఎక్కడుందో ఆవిడకి అంతుపట్టలేదు.

ఆ మర్నాడే కొండెక్కి మాస్టారి దగ్గర అంటు ఎండిపోయిందని ఒప్పుకుంది. ఆయన గోడకి చేరగిలబడి విన్నారు.

"రోజుకి ఎన్నిసార్లు చూసేదానివి?"

"రెండుసార్లండీ."

"విప్పి చూశావా?"

"ఒక్కసారే."

"ఒక్కసారి చాలు" అన్నారు ఆయన. కోపంగా అనలేదు, లెక్క సరిచూసినట్టు అన్నారు. "నేనూ ఒకటి కట్టాను గోడ పక్కన. మొన్న కోతి వచ్చి పీకి, వాసన చూసి పారేసింది. దానికీ నీలాగే చూడాలనిపించింది." నెమ్మదిగా లేచి గోనెగుడ్డ తెచ్చారు. మంచు కరిగి కుళ్ళు నీళ్ళయిన గుంటలోంచి అప్పటికే తీసి మట్టికుండ అడుగున చల్లటి ఇసుకలో పెట్టి ఉంచారట. ఒక్కటే పుల్ల. "ఇదే ఆఖరిది. ఇంక ఏ పెరట్లోనూ లేదు."

కాత్యాయని రెండు చేతులూ చాచింది. ఆయన ఇవ్వలేదు.

"నీకు కాదు. మేధ చేత కట్టించు."

"మాస్టారూ, చిన్నపిల్లండీ అది. షూ లేసు సరిగ్గా కట్టుకోదు. ఇదేమో ఆఖరి పుల్ల."

"అవును" అన్నారు మాస్టారు. రెంటికీ కలిపి అన్నట్టుగా అన్నారు. "ఎలా కట్టాలో నువ్వు చెప్పు. చెప్పాక వంటింట్లోకి వెళ్ళు."

ఆ సాయంత్రం మేధ కట్టింది. ఆ పని చూడటానికి పక్కింటి నుంచి బిమ్లా వచ్చింది, ఆవిడ కూతురు కుసుమ్ వచ్చింది, శ్రియ మట్టిలో కూర్చుంది. బిమ్లా ఆ లోయలో పుట్టిన మనిషి. అత్తవారి తోటలో ఏటా వందల అంట్లు కట్టిన చెయ్యి. కాత్యాయని చాకు పట్టుకోవడం దగ్గర నుంచి గీత కలపడం దాకా అన్నీ చెప్పింది, రెండోసారి కూడా చెప్పింది, మూడోసారి మొదలుపెట్టబోయి మాస్టారి మాట గుర్తొచ్చి వంటింట్లోకి వెళ్ళింది. కిటికీ మాత్రం వెయ్యలేదు.

బయట మాటలు హిందీలో వినిపించాయి. పాత కోతకి బెత్తెడు కిందుగా కొయ్యమని బిమ్లా చెబుతోంది. చాకు జారింది. కుసుమ్ నవ్వింది. "అలా కాదు, ఆవుదూడ మెడకి వేస్తారే, ఆ ముడి వెయ్యి. లాగితే ఊడదు, కాని మెడ పట్టెయ్యదు" అంటోంది బిమ్లా. మేధ ఆ ముడి పేరు అడిగింది, బిమ్లా తన భాషలో ఏదో చెప్పింది, పిల్లలిద్దరూ ఆ పేరు నాలుగుసార్లు అనుకున్నారు. కాత్యాయనికి ఆ పేరు నోరు తిరగలేదు. ఇంక ఉండబట్టలేక ఆవిడ బయటికి వచ్చింది.

అంటు కట్టి ఉంది. కాస్త వంకరగా ఉంది. కింద ఒక అడవి రెమ్మ, ఆవిడ గిల్లడం మానేశాక వచ్చిన నాలుగు ఆకులతో, అలాగే ఉంది. కాత్యాయని చెయ్యి దాని మీదికి పోయింది.

"ఉండనీ దీదీ" అంది బిమ్లా. "పోయినసారి మొత్తం గిల్లేశావు, చూశాను. అడిగితే చెప్పేదాన్ని. పైన ఆకు లేదు, కింద ఆకు లేదు, వేరుకి ఇంక నీళ్ళు ఎవరి కోసం తోడాలనిపిస్తుంది?"

కాత్యాయని చెయ్యి వెనక్కి తీసుకుంది. అప్పుడు చూసింది, తెల్లటి పీలిక కట్టు మీద, సరిగ్గా మధ్యలో, నల్లటి చుక్క. శ్రియకి పెట్టే కాటుక డబ్బీ మూత తెరుచుకుని మట్టిలో పడి ఉంది.

"ఇదేమిటే?"

"దిష్టి చుక్క" అంది మేధ తెలుగులో, అది కూడా తెలియదా అన్నట్టు.

"చెట్టుకి దిష్టి ఏమిటి?"

"మరి రోజూ రెండుసార్లు వంగి చూస్తావుగా నువ్వు. దానికి తగలదూ?" మేధ కాటుక వేలు గౌనుకి తుడుచుకుంది. "అమ్మమ్మ చెప్పింది. అందరి కన్నూ ఒక ఎత్తు, అమ్మ కన్ను ఒక ఎత్తట. అమ్మ కన్నే ముందు తగులుతుందట. ప్రేమగా చూస్తుంది కదా, అందుకని ఇంకా గట్టిగా తగులుతుందట."

ఆ గొంతు మేధదే గాని ఆ సాగదీత, ఆ 'తగులుతుందట' అనడం, అచ్చంగా కాత్యాయని తల్లిది. "ఎప్పుడు చెప్పింది అమ్మమ్మ?"

"ఎప్పుడో, ఫోన్లో. శ్రియకి చుక్క సరిగ్గా పెడుతున్నామా అని అడిగినప్పుడు."

ఫోను చేతికిస్తే ఈ పిల్ల ఊఁ, ఆఁ తప్ప మాట్లాడదని కాత్యాయని ఇన్నాళ్ళూ అనుకుంటోంది. ఆ ఊఁల మధ్య అవతలి నుంచి ఇంత వచ్చి చేరిందని ఆవిడకి తెలియదు. కుసుమ్ ఏమిటీ ఏమిటీ అని అడిగితే మేధ వెంటనే హిందీలోకి మారి చెప్పింది. బిమ్లా విని, "మేమూ పెడతాం, పిల్లలకి. చెట్టుకి పెట్టినదాన్ని ఇప్పుడే చూస్తున్నా" అని పడీ పడీ నవ్వింది. పిల్లలు ముగ్గురూ అంటు సంగతి అక్కడితో మరిచిపోయి బంతి కోసం పరుగెత్తారు.

మరిచిపోలేనిది కాత్యాయని ఒక్కతే. ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో ఆవిడకే తెలుసు. పెరటి వైపు కిటికీకి పాత దుప్పటి కట్టింది. పంపు దగ్గర బట్టలు పిండేటప్పుడు వీపు అటు పెట్టి కూర్చునేది. ఒకసారి వడగళ్ళు పడితే తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేసి, అలాగే నిలబడి, ఆ రాళ్ళు రేకు మీద పడటం ఆగేదాకా విష్ణునామాలు చెప్పుకుంది. అల్మరా పక్కన పుస్తకంలో ఆ వారాల్లో ఏమీ రాయలేదు. రాయకూడదని అనుకోలేదు, తప్పుల కోసం చెవి పెట్టి ఉంచడం అలవాటు తప్పి, ఇంట్లో మాటలు మాటల్లాగే వినబడుతున్నాయి.

ఏప్రిల్ ముప్ఫయ్యో తారీకు మధ్యాహ్నం ఆవిడ దరఖాస్తు కవరు సంచిలో పెట్టుకుని పోస్టాఫీసుకు బయల్దేరింది. సంతకం ఇంకా పెట్టలేదు. అక్కడ కౌంటరు దగ్గర పెన్ను ఉంటుంది కదా అనుకుంది. పోస్టాఫీసు నాలుగింటికి మూసేస్తారు. గేటు దాటబోతూ, ఇరవై ఎనిమిది రోజుల తర్వాత, ఒక్కసారి పంపు వైపు చూసింది.

పుల్ల కొసన ఆకులు. చిన్నవి, వెనకవైపు తెల్లటి నూగుతో, కుందేలు చెవుల్లా. ఆవిడ దగ్గరకు వెళ్ళలేదు. దూరం నుంచే లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. మూడు. తర్వాత పోస్టాఫీసు దారి వదిలి, కొండ దారి పట్టింది.

మాస్టారు కర్ర పుచ్చుకుని ఆవిడ వెంట దిగివచ్చేసరికి పొద్దు వాలుతోంది. మేధ అప్పుడే బడి నుంచి వచ్చి, మెట్ల మీద కూర్చుని బొరుగులు తింటోంది. మాస్టారు మొక్క ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశారు. కట్టు మీద కాటుక వానకి చెదిరి, బొటనవేలి ముద్రంత అయింది.

"ఇదేమిటి?"

కాత్యాయని చెప్పింది. మేధ అన్న మాటలన్నీ, అమ్మ కన్ను మాటతో సహా, దాచకుండా చెప్పింది. మాస్టారు నవ్వారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ నవ్వారు. నవ్వు ఆగాక, "పిల్లకి ఇది నువ్వు నేర్పావా?" అన్నారు.

"లేదండీ."

"ఈ ముడి?"

"బిమ్లా నేర్పింది."

"కట్టేటప్పుడు ఏ భాషలో కట్టింది?"

కాత్యాయని చెప్పబోయింది. చాకు జారినప్పుడు హిందీ, ముడి దగ్గర బిమ్లా భాష, చుక్క పెట్టినప్పుడు తెలుగు. ఏది ఎక్కడ ఆగి ఏది ఎక్కడ మొదలైందో, ఆ పచ్చగీత దగ్గర వెతికినట్టు వెతికింది. మాస్టారు జవాబు కోసం ఆగలేదు.

"ఇప్పుడు కట్టు వదులు చెయ్యాలి. లోపల కండ పడుతోంది. ఇంకా ఇలాగే బిగించి ఉంచితే ఈ పీలికే దాన్ని కోసేస్తుంది."

విప్పకూడదన్న రోజున ధైర్యంగా విప్పిన మనిషికి, విప్పమన్న రోజున చెయ్యి ఆడలేదు. "మేధా" అని పిలిచింది. ఆ పిల్ల బొరుగుల చేతిని దులుపుకుని వచ్చి, ముడి కొస పట్టుకుని ఒక్క లాగు లాగింది. దూడ ముడి సులువుగా జారింది. లోపల రెండు కొయ్యలూ కలిసిన చోట చుట్టూ లేత గోధుమరంగు వలయం ఉబ్బి ఉంది, మానిన దెబ్బ మీద చర్మంలా. ఎక్కడ పుల్ల ఎక్కడ మొక్క అన్నది ఆ వలయం దగ్గర తప్ప తెలియడం లేదు. మేధ మళ్ళీ పీలిక చుట్టి, ఈసారి వదులుగా, అదే ముడి వేసింది. "సరిపోయిందా తాతగారూ?" అని అడిగి, సరిపోయిందంటే, మిగిలిన బొరుగుల దగ్గరకు పోయింది.

కాత్యాయని సంచి భుజం మీద బరువుగా తగిలింది. కవరు అంచు బయటికి కనబడుతోంది. ఇంట్లో గడియారం అయిదు కొట్టడం ఆవిడ వింది. అయిదని తెలిసింది. ఇంకోసారి చూసుకోవడానికి లోపలికి వెళ్ళలేదు. కవరును సంచి అడుక్కి నెట్టి, "మాస్టారూ, ఇంకో సంగతి" అంది. కింది అడవి రెమ్మ ఈ నెలలో మూరెడు పెరిగింది. పై ఆకులు మూడయితే దాని ఆకులు ముప్ఫై. "ఇది మరీ పెరిగిపోతోందండీ. పైదాన్ని మింగేస్తుందేమో. తీసెయ్యనా?"

మాస్టారు కర్ర ఆనించి లేస్తూ, చెదిరిన ఆ కాటుక మరకని వేలితో ఒకసారి తాకారు.

"ఈ ఏడాదికి ఉండనీ అమ్మాయ్. పైదానికి నీళ్ళు తోడుతున్నది అదే. ఆ సంగతి పైదానికీ తెలియదు, దానికీ తెలియదు."